మాఫీ పిల్లల వసారా

మునీరా డబ్బాలో అన్నం మళ్ళీ మాయమైందన్న కేక భోజనాల హాల్లోంచి వసారా దాకా వినిపించింది. కాంత నోటి దగ్గరికి తెచ్చుకున్న రొట్టె ముక్కను తిరిగి గుడ్డలో పెట్టేసింది. ఆ కేక ఫర్హత్‌ది. ఫర్హత్ తండ్రి సర్కారులో పెద్ద హోదా మనిషి. పిల్ల గొంతు కూడా ఆ హోదాకు తగ్గట్టే ఉండేది. శనివారం కూడా ఇలాగే జరిగిందనీ, రుచి చూద్దామని తను మూత తీస్తే గిన్నెలన్నీ ఖాళీగా ఉన్నాయనీ ఉర్దూలో గుక్క తిప్పుకోకుండా చెబుతోంది.

పంజగుట్ట మీది ఆ బడికి కాగితాల మీద ఏదో పొడుగాటి ఇంగ్లీషు పేరుండేది గానీ, కింద అమీర్‌పేటలో అందరూ దాన్ని గుట్టబడి అనేవాళ్ళు. జాగీర్దార్ల ఆడపిల్లలు మోటార్లలో, పరదాలు కట్టిన బగ్గీల్లో అక్కడికి వచ్చేవాళ్ళు. వాళ్ళు హాల్లో మేజాల దగ్గర కుర్చీల్లో కూర్చుని తినేవాళ్ళు. ఫీజు మాఫీ అయిన పిల్లలు కొద్దిమంది వసారాలో చాప మీద తినేవాళ్ళు. అలా తినాలని ఎక్కడా రాసి లేదు. బళ్ళో చేరిన మొదటి రోజున ఎవరో చాప చూపించారు, అంతే. బడి గౌన్లు కుట్టే దర్జీ అంబదాస్ కూతురు కాంత కూడా ఆ చాప మీది పిల్లే.

పెద్ద పంతులమ్మ మిస్ పింటో డబ్బా పట్టుకుని వసారాలోకి వచ్చింది. నాలుగు గిన్నెల ఇత్తడి డబ్బా అది. చుట్టూ పూలతీగె చెక్కడం, పిడి మీద మునీరా వాళ్ళ నవాబు బంగళా, ఆ దేవిడీ వారి ముద్ర.

గిన్నెలు చాప ముందు విప్పి పెట్టి, "మీ సంచులు తెరవండి" అంది.

హాల్లో పిల్లల సంచుల సంగతి ఆమె అడగలేదు. చాప మీది పిల్లలే ఒక్కొక్కరూ సంచి బోర్లించారు. పలకలు, పుస్తకాలు, మరమరాల పొట్లం, విరిగిన దువ్వెన. కాంత దగ్గరికి వచ్చేసరికి మిస్ పింటో చేతిలోని రూళ్ళకర్రతో రొట్టె మూట విప్పి, రొట్టెను పైకెత్తి కింద ఏముందో చూసింది. కింద ఎల్లిపాయ కారం ఉంది. రూళ్ళకర్రకు అంటిన కారాన్ని మూటగుడ్డ అంచుకే తుడిచేసింది.

కాంత చెవులు వేడెక్కాయి. తల ఎత్తలేక ఎదురుగా ఉన్న డబ్బానే చూస్తూ కూర్చుంది. మూతలు తీసిన గిన్నెలు ఎండలో తళతళ మెరుస్తున్నాయి. ఒక్క మెతుకు లేదు, నెయ్యి జిడ్డు లేదు. వాసన కూడా లేదు.

"డబ్బాల గది తాళంచెవి నీ దగ్గరే ఉంటుంది కదా, వజ్రమ్మా?" అంది మిస్ పింటో.

మంచినీళ్ళ కుండ దగ్గర నిలబడ్డ ఆయా వజ్రమ్మ కొంగు సర్దుకుంది. "నా తాననే ఉంటది దొరసాని."

"నువ్వు తీయకపోతే ఎవరు తీశారో నువ్వే చెప్పాలి. బేస్తవారం దాకా చూస్తాను. ఆ రోజు దొంగ పేరైనా చెప్పు, తాళంచెవైనా ఇచ్చి వెళ్ళిపో. దేవిడీ వాళ్ళకు నేనేం జవాబు చెప్పుకోను?"

వజ్రమ్మ "చిత్తం" అంది. మునీరా హాలు గుమ్మంలో నిలబడి తన కాళ్ళ కింది రాళ్ళను చూస్తోంది. డబ్బా ఆమెది, పోయిన అన్నం ఆమెది. అయినా ఈ గొడవంతా ఇంకెవరిదో అయినట్టు నిలబడింది.

ఆ మధ్యాహ్నం లెక్కల క్లాసులో కాంత మనసు గిన్నెల చుట్టే తిరిగింది. ఇంట్లో పండగనాడు నెయ్యి వేసిన గిన్నెను అవ్వ అంజమ్మ బూడిదతో ఎంత రుద్దినా సాయంత్రం దాకా వాసన పోదు. దొంగతనంగా తినేవాడు తిని మూత పెట్టేసి పారిపోతాడు గానీ, కూర్చుని గిన్నెలు తోమి, ఆరబెట్టి, మళ్ళీ వరుసగా పేర్చి పెడతాడా? అంత తీరిక, అంత శుభ్రం ఎవరికుంటాయి? తాళంచెవి ఉన్నవాళ్ళకుంటాయి. నీళ్ళ కుళాయి పక్కనే ఉన్నవాళ్ళకుంటాయి.

ఆ ఆలోచన రాగానే కాంతకు తన మీద తనకే కోపం వచ్చింది. వజ్రమ్మ ఇల్లు అమీర్‌పేటలో కాంత వాళ్ళ వెనక వాడలోనే. రోజూ సాయంత్రం గుట్ట దిగేటప్పుడు, మిలిటరీ లారీలు వచ్చే మలుపు దగ్గర, అడగకుండానే కాంత మణికట్టు పట్టుకుని రోడ్డు దాటిస్తుంది. రోడ్డు దాటాక కూడా వదలదు. అలాంటి మనిషి దొంగ అని అనుకోవాలంటే కష్టంగా ఉంది. కాదు అనుకోవాలంటే గిన్నెలు అడ్డం వస్తున్నాయి. కళ్ళతో చూస్తే తప్ప తేలదనుకుంది.

మర్నాడు భోజనాల గంట కొట్టగానే కాంత చాప మీద మూట పెట్టి, చేతులు కడుక్కునే వంకతో పెరటి వైపు వెళ్ళింది. వజ్రమ్మ కొంగు కింద ఏదో దాచుకుని, అటూ ఇటూ చూసి, పాత గుర్రాల కొట్టం వైపు నడిచింది. మోటార్లు వచ్చాక ఆ కొట్టంలోకి ఎవరూ పోవడం లేదు. చక్రాలు ఊడిన బగ్గీ ఒకటి లోపల దుమ్ము పట్టి ఉంది. కాంత గోడ పట్టుకుని చప్పుడు కాకుండా వెళ్ళి, విరిగిన తలుపు సందులోంచి చూసింది.

బగ్గీలో వజ్రమ్మ ఒక్కతే లేదు. ఆమెకు ఎదురుగా, చిరిగిన మఖ్మల్ సీటు మీద, కాళ్ళు పైకి పెట్టుకుని మునీరా కూర్చుంది. వజ్రమ్మ ఒళ్ళో జొన్నరొట్టె. ఆమె రొట్టె తుంచి, పచ్చిపులుసులో ముంచి, కారకుండా కింద అరచెయ్యి పట్టి ఆ పిల్ల నోట్లో పెడుతోంది. మునీరా నములుతూనే తర్వాతి ముద్దకు నోరు తెరుస్తోంది. తరగతిలో ఎవరితోనూ గట్టిగా మాట్లాడని నవాబు గారి పిల్ల, మూడేళ్ళ పాపలాగా.

"మెల్లగ తిను తల్లీ. గొంతుల పడతది."

"వజ్జీ, నువ్వు తింటలేవు."

"నేను పొద్దుగాలనే తిన్న."

"అబద్ధం. నిన్న సుత గట్లనే అన్నవు."

కాంత కాలి కింద ఎండుటాకు చప్పుడైంది. ఇద్దరూ తల తిప్పారు. మునీరా మొహం ఒక్కసారిగా పాలిపోయింది. నోట్లో ముద్ద మింగలేక, ఉమ్మలేక అలాగే ఉండిపోయింది. వజ్రమ్మ మాత్రం తొణకలేదు. మిగిలిన రొట్టెను మునీరా చేతిలో పెట్టి, బగ్గీ దిగి వచ్చి కాంత ముందు నిలబడింది.

"చూసినవు గదా. చూసింది ఈడనే ఇడిసిపెట్టి పో బిడ్డా. సాయంత్రం మాట్లాడుదాం."

సాయంత్రం ఇద్దరూ కలిసి గుట్ట దిగారు. కాంతే ఆగలేక అడిగింది. "అత్తా, ఆమె డబ్బల అన్నం ఏమైతుంది మరి?"

"డబ్బల అన్నం ఉంటే గద, ఏమన్న అయ్యేది." వజ్రమ్మ రోడ్డు వైపే చూస్తూ చెప్పింది. "ఆ దేవిడీల నేను పని చేసిన. గీ పిల్ల నా పాలే తాగింది. గందుకే మన మాట అట్ల వస్తది దానికి. అప్పుడు ఇరవై మందికి పొయ్యి మండుతుండె. ఇప్పుడు పొద్దుమీకి ఒక్కపూట మండుతది. పెద్ద బేగం ఆ డబ్బను పొద్దున్నే చింతపండు పెట్టి తోమి, మూతలు పెట్టి, పిల్ల చేతికిస్తది. దేవిడీ పిల్ల ఒట్టి చేతులతోని పోవద్దంట. పిల్ల దాన్ని మోసుకొచ్చి, ఆకలి లేదని చెప్పి, మల్ల మోసుకపోతది."

"అంటే ఎవ్వలూ తీయలే."

"ఎవ్వలూ తీయలే."

"మరి నువ్వు దొరసానికి చెప్పవా? నిన్ను పంపిచ్చేస్తదట గదా!"

వజ్రమ్మ ఆగింది. ఆమె మొహంలో కోపం లేదు. ఇంత చిన్న సంగతి తెలియదా అన్నట్టు చూసింది. "నేను పోతె ఏందే? ఇంకో బంగ్లల గిన్నెలు తోముకుంట. గీ మాట బయటపడితె ఆ పిల్ల రేపటి సంది బడికొస్తదా? ఆ ఫర్హత్ పిల్ల నోరు తెలుసు గదా నీకు. జర ఆలోచించు. నువ్వు సుత ఎవ్వలికీ చెప్పద్దు. నా మీద ఒట్టు."

అని, లారీ ఏదీ రాకపోయినా, అలవాటుగా కాంత మణికట్టు పట్టుకుంది.

ఇంట్లో అంబదాస్ దీపం వత్తి పెంచుకుని ఒక గౌను విప్పుతున్నాడు. కుట్టడం కాదు, విప్పడం. బ్లేడు మొనతో ఒక్కొక్క కుట్టూ తెంపి, దారప్పోగులు నోటితో ఊది, బట్టను తిరగేసి బల్ల మీద పరుస్తున్నాడు. బయటి వైపు వెలిసి తెల్లబారింది. లోపలి వైపు రంగు ఇంకా నీలంగానే ఉంది. తిరగేసి కుడితే కొత్తదానిలాగే ఉంటుంది. కాంత దగ్గరికి పోయి కాలరు లోపల చూసింది. మునీరా గౌను ఎప్పుడూ చిన్న అల్లిక లేసుతో ఉంటుంది. ఆ లేసు బల్ల మీద విడిగా పెట్టి ఉంది.

"నాయినా, ఇది దేవిడీ పిల్లది గదా?"

అంబదాస్ బొగ్గుల ఇస్త్రీ పెట్టె ఎత్తి, బొటనవేలు తడి చేసి కింద తాకించి చూశాడు. చుయ్యిమంది. కుట్లు విప్పిన చోట మడతలు పోయేలా మెల్లగా తోశాడు.

"ఎప్పటి సంది తెలుసు నీకు?" అంది కాంత.

"ఏం తెలుసు?"

"వాళ్ళకు లేదని."

"నాకేం తెల్వదు." అంబదాస్ ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టాడు. "నాకు తెలిసింది గీ గౌను. దీని లోపలి దిక్కు మంచిగున్నది, ఇంకో రెండేండ్లు తొడుక్కోవచ్చు. గదొక్కటే తెలుసు. కొలతలకొచ్చిన మనిషి సంగతి బజార్ల చెప్పుకుంటె నన్నెవడన్న దర్జీ అంటడా?"

కాంత ఆయన పక్కన కూర్చుని దారప్పోగులు ఏరింది. ఆయా చెప్పదు. నాయిన చెప్పడు. గౌను తెచ్చిచ్చే దేవిడీ ముసలి నౌకరూ చెప్పి ఉండడు. కింద ఉన్నవాళ్ళందరికీ తెలుసు, అందరూ నోరు మూసుకుని ఆ పిల్లను కాపాడుతున్నారు. తెలియనిది ఫర్హత్‌కీ, మిస్ పింటోకీ. కానీ బేస్తవారం బడి వదిలి పోవలసింది మాత్రం వజ్రమ్మ.

"నాయినా, ఒట్టు పెట్టినంక చెప్తె పాపమా?"

"ఎవ్వల ఒట్టు?" అన్నాడాయన. కాంత తల వంచి పోగులు ఏరుతుంటే, సూదిలో దారం ఎక్కించుకున్నాడు. "చెప్పాల్సినోళ్ళు ఎవ్వలో వాళ్ళతోని మాట్లాడు. మిగతోళ్ళతోని నీకేం పని?"

బుధవారం పొద్దున డ్రిల్లు అయ్యాక పిల్లలంతా నీళ్ళకు పరుగెత్తారు. మునీరా ఒక్కతే తోటలో రాతి అరుగు మీద కూర్చుంది. కాంతను చూసి లేవబోయింది.

"నేనెవ్వలికీ చెప్పలే" అంది కాంత.

"అయితే ఎందుకొచ్చినవు?"

"రేపు బేస్తవారం."

"నాకు తెల్వదనుకున్నవా?" మునీరా గొంతు పదునుగా వచ్చింది. "నేను వజ్జీకి వద్దన్న. రొట్టె తేవద్దన్న. ఆమె వింటదా? నేను ఫర్హత్‌కు ఎన్నడన్న చెప్పిన్నా, నా అన్నం పోయిందని? మూత ఆమె తీసింది. దొంగతనమని ఆమె అన్నది."

"నువ్వు కాదనలే."

మునీరా అరుగు మీది సున్నం పెచ్చును గోటితో పెళ్ళగించింది. మెల్లగా అంది. "దాదీమాకు కండ్లు సరిగ కనపడవు. అయినా డబ్బను తోమి, నా దగ్గర పెట్టి, 'మెరుస్తున్నదా బేటీ' అని అడుగుతది. మెరుస్తున్నదనే అంట నేను. ఇగ నేను అందరి ముందట అది ఒట్టిదే అంటె, ఆమె పొద్దుగాల తోమింది ఏమైతది?"

మిస్ పింటో రూళ్ళకర్రతో ఎత్తి చూసిన రొట్టెను తన అవ్వ కూడా పొద్దున్నే లేచి చేసిందన్న సంగతి కాంతకు గుర్తొచ్చింది. అది చెబుదామనుకుంది, కానీ మునీరా కళ్ళు చూసి ఊరుకుంది. ఆ పక్కనే అరుగు మీద కూర్చుంది. గంట కొట్టింది. లేచేటప్పుడు మునీరా గౌను వెనక అంటిన సున్నాన్ని కాంత దులిపింది.

బేస్తవారం మధ్యాహ్నం మిస్ పింటో హాలు మధ్యలో నిలబడి వజ్రమ్మను పిలిపించింది. వసారా పిల్లలు గుమ్మం దగ్గర గుంపుగా నిలబడి చూస్తున్నారు. కాంత అందరికన్నా ముందుంది.

"ఏం ఆలోచించావు?" అంది మిస్ పింటో.

వజ్రమ్మ నడుముకు దోపుకున్న తాళంచెవి తీసి మేజా మీద పెట్టింది. "నేను పోత దొరసాని."

"అంటే నువ్వే తీశావని ఒప్పుకుంటున్నావా?"

"మీరెట్లనుకుంటె అట్ల."

కాంత నోరు తెరిచింది. ఒట్టు గుర్తొచ్చి పెదవి కొరుక్కుంది. ఆ క్షణాన మేజా చివర కుర్చీ జరిగిన చప్పుడైంది. మునీరా లేచింది. డబ్బాను తన ముందుకు లాక్కుని కొక్కెం తీసింది. మొదటి గిన్నె పక్కన పెట్టింది. రెండోది దాని పక్కన, మూడోది, నాలుగోది. గిన్నె పెట్టిన ప్రతిసారీ ఇత్తడి చప్పుడు గదంతా వినిపించింది.

"ఎవరూ దొంగిలించలేదు" అంది ఉర్దూలో, అందరికీ అర్థమయ్యేలా. "మా ఇంటి నుంచి ఇది ఇలాగే వస్తుంది."

ఎవరూ కదల్లేదు. ఫర్హత్ చేతిలోని చెంచా గాలిలోనే ఉంది. వజ్రమ్మ ఒక్కతే, "వద్దమ్మా, ఎందుకే తల్లీ" అంటూ ఒకడుగు ముందుకు వేసి ఆగిపోయింది.

మిస్ పింటో మొహం ఎర్రబడింది. కళ్ళద్దాలు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకుంది. చెడ్డ మనిషేం కాదు ఆమె. ఏం చేయాలో తెలియనప్పుడు గొంతు మెత్తబడుతుంది. "నాకు ముందే చెప్పాల్సింది, మునీరా. దీనికేముంది? రేపటి నుంచి మన బడి హాస్టలు వంటింట్లోంచి నీకూ పళ్ళెం పంపిస్తారు. ఎవరికీ ఏమీ ఇవ్వక్కర్లేదు."

"మాఫీనా మేడం?"

"అలా ఎందుకనుకుంటావు?"

"మాఫీ పిల్లలు వసారాలో తింటారు కదా" అంది మునీరా. ఎదురు చెప్పినట్టు కాదు, తెలిసిన నియమాన్ని గుర్తు చేసినట్టు అంది. గిన్నెలన్నీ మళ్ళీ పేర్చి, కొక్కెం వేసి, డబ్బా పట్టుకుని హాలు దాటి బయటికి నడిచింది. గుమ్మంలో గుంపు తప్పుకుంది. చాప మీద కాంత మూట పక్కన కూర్చుని, గౌను మోకాళ్ళ మీదికి సర్దుకుంది.

కాంత కూడా వచ్చి కూర్చుంది. రొట్టెను సగానికి విరిచి ఇచ్చింది. మునీరా కారం చూసి, "ఇది వజ్జీ చేసినదానికన్నా మంటగుంటదా?" అని అడిగింది.

"మస్తు మంటగుంటది."

మునీరా తిని, కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. కారానికో, దేనికో ఎవరూ అడగలేదు.

మిస్ పింటో గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఆమె కళ్ళు చాప మీద లేవు, చాప అవతల రోడ్డు మీద ఉన్నాయి. వసారా సరిగ్గా గేటుకు ఎదురుగా ఉంటుంది. మధ్యాహ్నం వచ్చే మోటార్లలోని బేగములకు నవాబు గారి పిల్ల నేల మీద కూర్చుని తినడం కనిపిస్తే ఏమవుతుందో ఆమె లెక్క వేసుకుంటున్నట్టుంది. లోపలికి పోయింది, మళ్ళీ బయటికి వచ్చింది. "మునీరా, లోపలికి రా అమ్మా" అంది. మునీరా మర్యాదగా లేచి నిలబడి, "వీళ్ళు తిన్నాక వస్తాను మేడం" అని మళ్ళీ కూర్చుంది.

సాయంత్రం వజ్రమ్మ మునీరాను తోట వెనక పట్టుకుని దులిపేసింది. "ఎవ్వరు చెప్పమన్నరే నిన్ను? నోరు ఆగదా? నీ దాదీ చెవుల పడితె ముసల్ది బతుకుతదా?" తిడుతూనే కొంగుతో ఆ పిల్ల మొహం తుడిచింది. మునీరా తిట్లన్నీ విని, వజ్రమ్మ నడుము చుట్టూ చేతులు వేసి, తల ఆమె పొట్టకు ఆనించి నిలబడింది. తాళంచెవి మళ్ళీ వజ్రమ్మ నడుముకే ఉంది. దాన్ని తిరిగి ఇచ్చేటప్పుడు మిస్ పింటో క్షమించమని అనలేదు. "గది ఊడ్చావా?" అని మాత్రం అడిగిందట.

శుక్రవారం సెలవు. శనివారం గంట కొట్టాక పిల్లలు వసారాలోకి వచ్చేసరికి చాప లేదు. హాల్లో గోడవారగా ఇంకో మేజా వేయించి, దాని చుట్టూ తరగతి గదుల్లోంచి తెచ్చిన కుర్చీలు పెట్టించారు. "అందరూ ఇక్కడే కూర్చోండి" అంది మిస్ పింటో ఎవరి వైపూ చూడకుండా.

ఆ తలుపు ఎవరి కోసం తెరిచారో కాంతకు తెలుసు. తన రొట్టె మూటను రూళ్ళకర్రతో విప్పినందుకు కాదు. ఇన్నాళ్ళూ చాప మీద కూర్చోబెట్టినందుకూ కాదు. ఒక నవాబు గారి పిల్ల నేల మీద కూర్చుంటే చూడలేకపోయారు, అంతే. అయినా చిన్నపిల్లలు సంబరంగా కుర్చీలెక్కి కాళ్ళు ఊపుతున్నారు. వాళ్ళను చూస్తే కాంతకు నవ్వొచ్చింది.

మునీరా వచ్చి ఆమె పక్కన కూర్చుంది. హాస్టలు పళ్ళెం ముందుంది. అన్నం, పప్పు, ఒక వంకాయ ముక్క. అవతలి మేజా దగ్గర మాటలు ఆగిపోయాయి. కాంత మూట విప్పబోయి చేతులు వెనక్కి తీసుకుంది. మేజా మరీ ఎత్తుగా అనిపించింది.

"అందరు నన్నే చూస్తున్నరు" అంది తల వంచుకుని.

"నిన్ను కాదు" అంది మునీరా, పళ్ళెంలోంచి కళ్ళెత్తకుండా. "నన్ను."

కాంత తలెత్తి చూసింది. నిజమే. ఫర్హత్ ఒక్కతే కాదు, వరుసలో ఉన్న పిల్లలంతా మునీరా చేతినీ, పళ్ళేన్నీ, తిరగేసి కుట్టిన గౌనునూ చూస్తున్నారు. మునీరా చెయ్యి అన్నం మీద పెట్టి అలాగే ఉంచింది.

కాంత తన కుర్చీని కొంచెం ముందుకు జరిపింది. ఇంకొంచెం జరిపింది. మోచేతులు రెండూ మేజా మీద పరిచి, అవతలివాళ్ళకు మునీరా కనపడకుండా అడ్డంగా కూర్చుంది.

"ఇగ తిను" అంది.